బల్ల సాక్ష్యం

ఫిబ్రవరి. ఇసుకరాయి తొలిచిన నేలమాళిగ.
పద్దెనిమిది మెట్లు. ఆల్బన్ లెక్కపెట్టడు,
ఆయన మోకాళ్లు లెక్కపెడతాయి.
వెనకే లాంతరు పట్టుకుని వీబ్కె,
ఉత్తర సముద్రపు ఒడ్డు నుంచి పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల.
ఈ ఫ్రాంకోనియా యాస ఆమెకింకా సగమే అర్థమవుతుంది.

క్రితం చలికాలం వచ్చిన జ్వరం
తగ్గుతూ తగ్గుతూ ఆయనవన్నీ తిరిగిచ్చింది,
వాసన తప్ప.
నలభై మూడేళ్లు కాచినవాడికి ఇప్పుడు బీరంటే
నాలుక మీద చల్లటి బరువు, అంతే.
ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.
పులిసిపోయిన పీపాని "బాగుంది" అన్న రోజున
వీబ్కె కనిపెట్టింది.
కనిపెట్టినట్టు ఆమే చెప్పలేదు.

పదకొండో పీపా. కుళాయికి సుత్తితో రెండు దెబ్బలు.
మూడోది పడితే నామోషీ.
నల్లగా దిగింది. లాంతరుకెత్తి పడితే మాత్రం
అంచున దానిమ్మగింజ ఎరుపు.

"చెప్పు" అన్నాడు, గ్లాసు ఆమెకే ఇచ్చి.

"రొట్టె."
"ఏ రొట్టె? బజార్లో వంద రకాలు."
"అడుగు మాడిన రై రొట్టె. మా అమ్మమ్మ పారెయ్యనివ్వని పెచ్చు."
"ఊఁ."
"ఎండుద్రాక్ష... కాదు, ఎండు ఆల్బకరా, రాత్రంతా నానింది.
తర్వాత తీపి ఆగిపోతుంది, ఎవరో తలుపేసినట్టు.
అప్పుడు కాస్త చేదు,
చిల్లర తిరిగిచ్చినట్టు."
"గొంతు దిగాక?"
ఆమె ఆలోచించింది.
"లోపల ఎవరో పొయ్యి ముట్టించి
చెప్పకుండా వెళ్లిపోయారు."

ఈ ఊరి మఠంలో, అంటారు,
ఈస్టరు ముందు నలభై రోజులు పంటి కింద ఏదీ పడకూడదు.
తాగేదానికి నియమం లేదు.
ఆకలి తెలివైనది:
బార్లీని మొలకెత్తనిచ్చి, మొలకగానే ఆపి,
వేయించి, కాచి, ఇగరబెట్టి
రొట్టెను ముంతలో దాచింది.
మఠం ఇప్పుడు సైకిళ్ల కొట్టు.
ఉపవాసాలూ చాలామటుకు పోయాయి.
ముంత ఉండిపోయింది.

ఆల్బన్ గ్లాసు తీసుకుని, తాగకుండా,
కాస్త ఓకు బల్ల మీద ఒలికించి
నాన్న తోలు నిక్కరుతో దాని మీద కూర్చున్నాడు.
వీబ్కెకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.
గంట. పైన రోడ్డు మీద ఒక ట్రాక్టరు వెళ్లింది.
ఎక్కడో నీటిబొట్టు.

లేచాడు.
బల్ల కూడా లేచింది, ఒక కాలు,
బెత్తెడంత. తర్వాత ధబ్బుమని పడింది.

తాత కాలంనాటి పుస్తకం జేబులోంచి తీశాడు.
అందులో కొలతలు ఎక్కడా లేవు:
"వాన. ఆవు ఈనింది. బీరు ఫరవాలేదు."
దాని కింద రాశాడు: "మంచు. బల్ల లేచింది."
పెన్సిలు ఆమెకిచ్చాడు. "రుచి నువ్వు రాయి."

రాసింది, తన ఉత్తరపు మాటల్లో, ఆయనకు రాని మాటల్లో,
మాడిన పెచ్చు, అమ్మమ్మ పేరుతో సహా.
ఆయన లాంతరు దగ్గరికి జరిపాడు.
ఒక్క అక్షరం దిద్దలేదు.