తూకం చీటీ వెనక

మాఘం చివర. మిర్చియార్డు గేటు తెరవకముందే
ఉప్పలపాడు చెరువు గట్టున బండి ఆపాను.
గొంతులో నిన్నటి కోరు ఇంకా మండుతోంది.

జేబులో దొరికిన తూకం చీటీ వెనక రాసుకున్నాను:
గూడబాతులు నలభై రెండు.
తుమ్మ మీద ఎర్రకాళ్ళ కొంగలు పదకొండు.
పన్నెండోది కొంగ కాదు,
ఎగిరొచ్చి చిక్కుకున్న యూరియా సంచి.

బురద అంచున
తోకతో నేలని తడుముతూ ఓ పసుపు పిట్ట.
పేరు తెలీదు.
గడ్డి కోస్తున్న సైదమ్మని అడిగాను.
"చలికొచ్చి ఎండకి పోయేదయ్యా" అంది
కొడవలి ఆపకుండానే.
అదే రాశాను.

తొమ్మిదింటికి కాటా మీద మొదటి బస్తా.
"నలభై మూడున్నర!"
హమాలీ మీరావలి రెండుసార్లు అరిచాక గానీ
నా చెయ్యి కదల్లేదు.

మధ్యాహ్నం వెతికితే తెలిసింది,
పిట్టలున్న చీటీ
కారంపూడి రైతు జేబులో వెళ్ళిపోయిందని.