తక్కువ

కాశీబుగ్గ జీడి షెడ్డులో
సాయంత్రం తూకం రాసేది నేనే.
నా రిజిస్టరుకి వచ్చింది ఒక్కటే మాట: తక్కువ.

పప్పు ఎక్కువ విరిగిన రోజు అసిరమ్మ
"నీరుగారిపోనాను బాబూ" అంటుంది.
ఆ చేతుల వంక చూస్తాను.
జీడిసొన కాల్చిన వేళ్లు,
ఎక్కడా చుక్క నీరుండదు.

దమయంతి "ఉసూరుమంది" అంటుంది.
ఏది, ఎవరికి, చెప్పదు.
కర్తని మింగేసి
ఖాళీ సంచి దులిపినట్టు దులుపుతుంది వాక్యాన్ని.

కొత్తగా చేరిన ఇంటర్ పిల్ల
"డిసప్పాయింట్ అయిపోయానన్నా" అంది ఓసారి.
షెడ్డంతా నవ్వింది.
అంత పొడుగు మాట
గుండుపప్పులా ఎక్కడా విరగకుండా వచ్చిందని.

తుపానుకి తోటలు పడిపోయిన ఏడు
ఈ మాటలేవీ ఎవరూ వాడలేదు.
"ఏటి సేస్తాం" అన్నారంతే.
అది ప్రశ్న కాదు.

తవిటమ్మ మాత్రం ఏ రోజూ
ఏమీ అనగా నేను వినలేదు.
మూడు కిలోల్లో రెండు నూకే అయిన పూట కూడా
గంప బోర్లించి, కొంగు విదిలించుకుని లేచింది.
"నీకేమీ అనిపించదా అప్పా?"

"నాకు ముందు ముగ్గురు పోనారు.
నానైనా నిలబడాలని
సేటెడు తవుడుకి నన్ను కొన్నాది మాయమ్మ.
ఇంకా మాటెందుకు బాబూ,
పేరెట్టీసినారు గదా."

ఆ పేరుకి ఎదురుగా
తక్కువ అని రాయడానికి
కాసేపు పట్టింది.

రాశాను.
రాయకపోతే లెక్క కుదరదు.