కొమ్ము దువ్వెన

పర్లాకిమిడిలో వాన వెలిసిన మధ్యాహ్నం
దండపాణి మహారణా ముందు లైబ్రరీ పుస్తకం విప్పాను.
స్పెయిన్ దేశం. సెవిల్ అనే ఊరు.
నల్ల లేసు ముసుగు కింద
కొప్పు మీద జానెడు లేచిన దువ్వెన.

"ఇది కొమ్మేనా?"
కళ్ళజోడు నుదుటికెత్తి బొటనవేలితో బొమ్మని రాశాడు
కాగితానికీ పొర ఉంటుందన్నట్టు.
"తాబేటి చిప్ప బాబూ.
కొమ్ముని ఇలా వంచాలంటే
నిప్పు మీద బతిమాలాలి."

తర్వాతి పేజీలో ఎద్దు.
ఇసుక, ఎర్రగుడ్డ, లేచి నిలబడ్డ జనం.
చాలాసేపు చూశాడు.
"చచ్చాక దాని కొమ్ములు ఎవులికిస్తారు?"
నేను చదివిన చరిత్రలో ఆ సంగతి లేదు.

పేజీ తిప్పేశాను.
గ్రనాడా గోడ మీద నక్షత్రంలో నక్షత్రం.
అవి చెక్కినవాళ్ళ పిల్లల్ని తరిమేశారని చెప్పాను,
పోతూ పోతూ ఇంటి తాళంచెవులు
కొంగున కట్టుకుపోయారంటారని కూడా.
అతను ఒడియాలో ఏదో గొణిగి
నాకోసం మళ్ళీ తెలుగులో అన్నాడు:
"ముప్పయ్యారులో గీత గీసినప్పుడు
మీవోళ్ళేటి దాచుకున్నారు?"

మా తాత బట్టలకొట్టు బోర్డు.
అటక మీద ఉంది,
అక్షరాలు గోడవైపు తిరిగి.
చెప్పలేదు.

నెల పోయాక కబురంపాడు.
దున్నకొమ్ము దువ్వెన, దీపానికి పెడితే తేనెరంగు.
నడుమ గ్రనాడా నక్షత్రం,
అంచు పొడుగునా మహేంద్రతనయ అల.
ఒక పన్ను లేదు.

"ఎక్కువ బతిమాలేసాను,"
అన్నాడు, చెయ్యి తుడుచుకుంటూ.