అద్దం మీది చుక్క

ట్రాబ్జోన్‌లో వాన మొదలైతే
సముద్రమే మెట్లెక్కి వస్తున్నట్టుంటుంది.
యూనివర్సిటీ గేటుకి ఎదురుగా
పంతొమ్మిదేళ్లుగా నా ఫొటోకాపీ కొట్టు.
పిల్లల బయోడేటాలు
తలకిందులుగా చదవడం అలవాటైపోయింది.

తైలన్ అని, సివిల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం.
"అంకారాలో ఆ ఒక్క కంపెనీ, అన్నా.
అది రాకపోతే ఇక చేపల పడవే."
అంకారాకీ పడవకీ నడుమ ఎన్ని ఊళ్లున్నాయో
బస్సు టికెట్లమ్మే మా బావమరిదిని అడగమన్నాను.
నవ్వలేదు.
చిల్లర లెక్కపెట్టుకుని, కాపీలు మరిచిపోయి వెళ్లాడు.

నిన్న ఫెరాయె వచ్చింది.
భూగర్భశాస్త్రం. జడలోంచి నీళ్లు కారుతున్నాయి.
ఎర్జురుమ్‌లో భూకంపాలు కొలిచే ఆఫీసులో ఉద్యోగం,
గడువు శుక్రవారం ఐదింటిదాకా.
వైవాలో ఒక్క ప్రశ్నకి నోరు పెగల్లేదట.
ప్రొఫెసర్ కిటికీ వైపు చూశాడట.
"నన్ను చూడ్డం దండగనుకున్నాడు."
కిటికీలో ఏముందమ్మా, అన్నాను.
తెలీదంది.
ఆయన మనసులో ఏముందో మాత్రం
అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి
ఒక్క మెతుకు చాలు, నిజమే.
కుండకి ఆ లెక్క సరిపోతుంది.
ఇరవై రెండేళ్ల పిల్లకి?
మార్కుల కాగితం నా చేతిలోనే ఉంది.
మంచి మార్కులన్నిటినీ
"అవి సులువు పేపర్లులెండి" అంటూ వేలితో తోసేసింది.
వైవా దగ్గర వేలు ఆగింది,
కాగితంలోకి గోరు దిగేంతగా.

కాపీ తీశాను.
ఆమె పేరు పక్కన నల్ల చుక్క.
"చూశారా, నా కాగితం కూడా ఇంతే."
రెండో పేజీ మీదా చుక్క.
తైలన్ వదిలేసిపోయిన కాపీల మీద,
పొద్దున ఎవరో తీయించుకున్న నీళ్ల బిల్లు మీద,
అదే చుక్క, అదే చోట.

మూత ఎత్తాను.
అద్దం మీద ఆవగింజంత సిరా మరక.
చొక్కా కొసతో తుడిచాను.
ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలని
గొంతు సవరించుకున్నాను కూడా.
లైన్లో నలుగురున్నారు. చాయ్ చల్లారుతోంది.
పైగా, చెప్పడానికి నేనెవర్ని?

ఇరవై మూడేళ్లప్పుడు టీచరు పరీక్ష ఒక్కసారి తప్పి
"నా మొహానికి బడి కూడానా" అనుకుని
ఈ కొట్టు అద్దె కాగితం మీద సంతకం పెట్టాను.
కొట్టంటే నాకిష్టమే, అబద్ధమాడను.
ఆ రోజు కలం పట్టుకున్నది నేనా, నా భయమా
అన్నదే ఇంకా తేలలేదు.

ఫెరాయె కొత్త కాపీలు తీసుకుంది.
చుక్క పడ్డ కాగితమూ కావాలంది.
"దేనికి?"
"ఊరికే."

ఇవాళ శుక్రవారం. నాలుగూ ఇరవై.
పోస్టాఫీసు వైపు గొడుగులు పోతున్నాయి,
బస్టాండు వైపూ పోతున్నాయి.
నా కొట్టు అద్దానికి ఆవిరి పట్టింది,
ఏది ఎవరిదో తెలియడం లేదు.
గుడ్డ ఎక్కడ పెట్టానో.