ఆవిరి పద్దు

పరకాల రోడ్డు మీద ఆ బంకు ఇప్పుడు లేదు.
పంపులు పీకేసిన చోట తుప్పు బోల్టులు,
రేకు మీద కంపెనీ పేరు గీకేస్తే
పేరు ఆకారంలోనే మిగిలిన తెలుపు.
మూడు నెలలకోసారి వస్తాను
ఆరు మూతలు తీయడానికి.

మూతంటే ఏముంది,
గచ్చులో జానెడు ఇనుప బిళ్ళ.
దాని కింద గొట్టం,
గొట్టంలో నలభై అడుగుల చీకటి.
టేపు జారవిడుస్తాను.
నీళ్ళు తగిలితే ఒక కూత
నూనె తగిలితే ఇంకో కూత.
రెండు కూతల మధ్య దూరానికి
నాకు జీతమిస్తారు.

ఒకటో బావి, ముప్పై ఒక్క అడుగు. వాసన లేదు.
రెండు, లేదు.
మూడో మూత మీద ఎవరిదో మేక పడుకుంది,
లేపితే నా చేతి తొడుగు కొరకబోయింది.
నాలుగో దగ్గర మూత తిప్పకముందే
ముక్కుకు తెలిసిపోతుంది.
పైకి లాగిన నీళ్ళ మీద
గాజుల దుకాణం పగిలినట్టు రంగులు.
ఫారంలో అందానికి గడి లేదు.

సీసాలో బుడగ ఒక్కటి మిగలకూడదు.
మిగిలితే బెంజీను అందులోకి జారుకుంటుంది,
ల్యాబుకు ఉత్త నీళ్ళే చేరతాయి.
బోర్లించి, గోటితో తట్టి, వెలుతురుకు పట్టి చూస్తుంటే
మొగిలి వచ్చాడు సైకిలు తోసుకుంటూ.

ఇరవై రెండేళ్ళు ఈ బంకులోనే చేశాడు.
పొద్దున్నే ట్యాంకులో ఇత్తడి కడ్డీ దించి
తడి ఎందాకుందో చూసి రిజిస్టర్లో ఎక్కించేది అతనే.
"నీదీ నాదీ ఒక్కటే పని బిడ్డా,
ముంచుడు, రాసుడు" అంటాడు ఎప్పుడూ.
ఇవాళ నాలుగో మూత పక్కన గొంతుక్కూచుని
బుడగ ఎందుకొద్దని అడిగాడు.
ఆవిరైపోతుంది కదా, అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు.

"రోజుకు ఇరవై లీటర్లు తక్కువొచ్చేది.
అడిగితె, ఎండకు లేస్తది, ఆవిరని రాయి అన్నరు.
రాసిన.
ఎండకాలం ఆవిరని రాసిన.
వానకాలం ఆవిరని రాసిన.
మూడొద్దులు ముసురు వట్టి
గొంగడి కప్పుకొని కూసున్ననాడు గూడ
ఆవిరనే రాసిన బిడ్డా.
మీదికి పోయిందనుకున్న."

రోడ్డవతల యాకాంతమ్మ హోటలు.
పప్పుల గాసునూనె వాసనొస్తుందని
ముద్ద పక్కకు పెట్టిన లారీ డ్రైవరే
ఈ నేలను మొదట పరీక్షించినవాడు.
"నా చేతికి వంక పెడ్తవా" అని వాడి మీదికి లేచిందట.
వాడు పోయాక తనే ఓ ముద్ద తిని చూసింది.
ఇప్పుడామె బోరుకు గోనెసంచి కట్టి ఉంది,
అన్నం క్యాను నీళ్ళతో ఉడుకుతుంది.
నాకు చాయ్ ఇచ్చి ప్రతిసారీ ఒకటే అడుగుతుంది:
"ఎన్నడు తాగొచ్చు?"
తగ్గుతోంది, అంటాను. అబద్ధం కాదు.
మొరంలో నీళ్ళు ఏడాదికి అరవై అడుగులు నడుస్తాయని,
తూర్పు వాలుకు, మళ్ళ వైపు నడుస్తాయని,
తగ్గడమంటే కొంతవరకు
ఇక్కడి నుంచి పోవడమేనని
ఆమెకు చెప్పలేదు.

ఆ మళ్ళ గట్టునే ఆరో బావి.
పోయినసారి శుభ్రం, అంతకుముందూ శుభ్రం.
ఇవాళ మూత తీసి, వంగి,
మళ్ళీ వంగాను.
ఉందా?
నాలుగోది నా తొడుగులకు అంటుకుందా?
తొడుగులు మార్చాను. గాలి వరి వైపు నుంచి వచ్చింది.
వాసన: ఉంది, లేదు.
రెండే గడులు.
పెన్ను ఆగిన చోట మొగిలి నీడ పడింది.
"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"
అతనికి చదవడం వచ్చు.
అతని ముందే రాశాను, ఉంది అని.

తిరుగుదారిలో స్కూటీ రిజర్వులో పడితే
హన్మకొండ పొలిమేరలో కొత్త బంకుకు తిప్పాను.
"జీరో చూసుకోండి మేడం" అన్నాడు పిల్లాడు.
చూశాను. అంకెలు ఉరికాయి.
స్పీడ్ బ్రేకర్ దగ్గర
ఐసు పెట్టెలో సీసాలు
ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి.