పై అంకె

వూచ్ నగరంలో, ఒకప్పటి నూలు మిల్లు మూడో అంతస్తులో
మా ప్రచురణ సంస్థ.
మగ్గాలు పోయి చాన్నాళ్లయింది. నేలలో వాటి బోల్టుల గుంటలు మాత్రం
కుర్చీ చక్రాలకు ఇంకా తగులుతుంటాయి.

దనూతా నా బల్లమీద పెన్‌డ్రైవ్ పెట్టి
"ఫుట్‌నోట్లన్నీ తీసెయ్" అంది.
"రెండు వందల పదిహేడు! జనం చదివే పుస్తకానికి
ఇన్ని కాళ్లెందుకు, జెర్రికిలా?"

రాసినాయన విటోల్డ్ కుర్పియెల్. కిందటి నవంబరులో పోయాడు.
కూతురు సంతకం చేసింది,
దేనికో పూర్తిగా చూడకుండానే.

మొదట తెలివితక్కువగా మొదలుపెట్టాను.
పేజీ అడుక్కి వెళ్లి నోటును చెరిపాను.
మాటలు పోయాయి. అంకె పోలేదు.
పైన వాక్యం చివర, ఈగంత ఒకటి,
ఎవరినో ఇంకా పిలుస్తూనే ఉంది.
కింద ఖాళీ గడప.

అప్పుడు తెలిసింది కిటుకు:
కిందున్నవాళ్లు కింద చెరిపితే పోరు.
పైనున్న గుర్తును తీసెయ్యాలి.
అది పోతే వాళ్లంతట వాళ్లే పోతారు, చప్పుడు లేకుండా.
వెనకున్నవాళ్లు తలా ఒక అంకె ముందుకు జరిగి
సందు మూసేస్తారు,
వెనకటి రొట్టెల వరసలోలా.
తెరమీద ఎవరైనా సరే
ఒకటో నంబరయ్యాకే పోతున్నారు.
అసలు అంకెలు పక్కనున్న ప్రింటులో చూసుకుంటున్నాను.

చదువుతూ తీస్తున్నాను. చదవకూడదు, నిజానికి.
ముప్పై ఒకటి: ఫలానా దస్త్రం, ఫలానా పెట్టె, తేమకు పాడైంది.
ఎనభై ఎనిమిది: ఇది నాకు ఇద్దరు చెప్పారు, ఇద్దరూ వేర్వేరుగా.
నూట రెండు: ఈ లెక్క తప్పు కావచ్చు.
తప్పు కావచ్చని ఒప్పుకున్న చోటు
పుస్తకం మొత్తానికి అదొక్కటే.

నూట నలభై మూడు దగ్గర వేలు ఆగింది.
పైన: "అప్పుడు ఒక కార్మికురాలు మగ్గం ఆపింది. ఆ తర్వాత మిగతావన్నీ ఆగాయి."
కింద: "గెనోవెఫా త్షస్కా. ఆమె వంటింట్లో, మార్చి నెల.
ఇక్కడ రికార్డర్ ఆపమంది. ఊరేసిన దోసకాయలు పెట్టింది.
మళ్లీ ఆన్ చెయ్యమనలేదు."

నేత తెలిసినవాళ్లు బట్టను తిరగేసి చూస్తారట.
ముఖం వైపు పువ్వు.
వెనక ముళ్లు, తెగి అతికిన పోగులు,
ఎక్కడ చెయ్యి మారిందో ఆ గుర్తు.
నేను వెనక వైపు గొరుగుతున్నాను.

నాలుగింటికే చీకటి. దనూతా రెండుసార్లు తొంగిచూసింది.
ఇక లాభం లేదని వెతుకు, మార్చు అన్న పెట్టె తెరిచాను.
వెతకాల్సిన చోట టోపీ గుర్తు, దాని పక్కన ఎఫ్.
మార్చాల్సిన చోట ఏమీ లేదు.
ఏమీ లేకపోవడాన్ని టైపు చెయ్యక్కర్లేదు,
అలా వదిలేస్తే చాలు.
అన్నీ మార్చు.

రెప్పపాటు.
డెబ్బై అయిదు మార్పులు జరిగాయంది యంత్రం.
మూడు వందల ఎనభై పేజీలు మూడు వందల ఆరయ్యాయి.
అడుగునుండే సన్నగీత కూడా లేదు.
అడుగుదామంటే అడుగున ఎవరూ లేరు.
వాక్యాల చివర మాత్రం, చుక్కకు ముందు,
కొన్నిచోట్ల ఒక ఖాళీ మిగిలింది.
పన్ను ఊడిన చోటికి నాలుక వెళ్లినట్టు
నా కన్ను అక్కడికే వెళ్తోంది.

"అయిందా?" అంది దనూతా, కోటు తొడుక్కుంటూ.
"అయింది."

ఆమె లిఫ్టు కిందికి దిగిన చప్పుడు విన్నాక
"ఒక కార్మికురాలు" అన్న రెండు మాటలూ చెరిపి
గెనోవెఫా త్షస్కా అని కొట్టాను,
అసలు వాక్యంలోనే, మిగతా అక్షరాలంత అక్షరాలతో.
దోసకాయల సంగతి రాయలేదు.
అక్కడ చోటు లేదు.

మర్నాడు ప్రూఫులు చూసే లెహ్
ఆ పేరు కింద ఎర్రగీత గీసి అడిగాడు:
"ఎవరీమె? ఆధారం?"

జవాబు రాయడానికి
మార్జిన్‌లో అరంగుళం ఉంది.