మూడు పిలుపులు

జీపు మీద మైకు పట్టుకున్న గొంతే ఇది.
"కావిడి గుర్తుకే మీ ఓటు" అంటూ
పొందూరు సంతలో, ఆమదాలవలస స్టేషను బయట
అరిచి అరిచి పుండైపోయింది.
రౌతు కూర్మినాయుడు గెలిచాడు.
గెలిచిన మర్నాడే నాగావళి గట్టు మీది గుడిసెల్లో
సిమ్మయ్య ముంతతో అంబలి తాగి
మూతి తుడుచుకుని
"పట్టాలు నా పూచీ" అన్నాడు.

అయిదేళ్లు.
కదిలిన కాయితం ఒక్కటే:
నన్నీ కోర్టులో బంట్రోతుని చేసిన చీటీ.

రెండోసారి డిపాజిట్టు దక్కలేదు.
ఖద్దరు మడిచి పెట్టెలో పెట్టి
పాత నల్లకోటు దులుపుకున్నాడు.
ఎక్కడెక్కడో తిరిగి, నెత్తి నెరిసి
శ్రీకాకుళానికి జడ్జీగా వచ్చాడు.
నవ్వడు. ఎవరి నమస్కారమూ చూడడు.
శుభలేఖలొస్తే విప్పకుండానే బీరువా మీద పడేస్తాడు.

ఆ సోమవారం
కట్టలోంచి గట్టు మీది గుడిసెల కేసు పైకి తేలింది.
గుమ్మంలో నిలబడి పిలిచాను
"బమ్మిడి సిమ్మయ్య... బమ్మిడి సిమ్మయ్య...
బమ్మిడి సిమ్మయ్యా..."
మూడోసారి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ముసలాడు కర్ర పొడుచుకుంటూ వచ్చి
"బాగున్నావా బాబూ" అన్నాడు, బెంచీకేసి చూసి.

ఫ్యాను తిరుగుతోంది. కలం కదల్లేదు.
చాలాసేపటికి రాశాడు:
ఈ వ్యాజ్యం నేను వినరాదు,
వేరే కోర్టుకు పంపవలెను.

ధర్మమే, అన్నారు వకీళ్లు.
మెట్లు దిగుతూ సిమ్మయ్య నా భుజం పట్టుకున్నాడు.
"అప్పుడు ఇంతానన్నాడు, ఇన్లేదు.
ఇప్పుడు ఇన్నన్నాడు.
ఈ మాట మట్టుకు నిలబెట్టుకున్నాడ్రా, అసిరీ."